సిజేరియన్ తర్వాత పాప నాకు దగ్గరైన తీరు: నా అనుభవం

మా పాపకు ఇప్పుడు నాలుగో నెల. కాన్పుకు ముందు సిజేరియన్ గురించి నేను చదివినవన్నీ కుట్లు ఎప్పుడు మానతాయి, ఎప్పుడు లేచి నడవాలి, బరువులు ఎప్పుడు ఎత్తొచ్చు అనే సంగతులే. బిడ్డను చేతికిచ్చినప్పుడు ప్రేమ పుట్టకపోతే ఏమిటన్నది ఎక్కడా కనపడలేదు. నాకు పుట్టలేదు. పుట్టడానికి వారాలు పట్టింది. ఆ వారాలు ఎలా గడిచాయో వరుసగా రాస్తున్నాను. ఇదే స్థితిలో ఉన్న తల్లి ఎవరైనా చదివితే, తనొక్కదానికే ఇలా అయిందని అనుకోకూడదని నా కోరిక.

నొప్పులు సాయంత్రం మొదలయ్యాయి. అర్ధరాత్రి దాటేసరికి గర్భాశయ ద్వారం ఏడు సెంటీమీటర్ల దాకా తెరుచుకుని అక్కడే ఆగిపోయింది. గంటలు గడిచినా కదలిక లేదు. తెల్లవారుజామున, నొప్పి వచ్చినప్పుడల్లా పాప గుండె వేగం పడిపోయి, ఆలస్యంగా తేరుకోవడం మానిటర్‌లో కనిపించింది. చూస్తుండగానే గది నిండా మనుషులయ్యారు. "ఇంక ఆగకూడదమ్మా, ఆపరేషన్ చేసేద్దాం" అన్నారు డాక్టరు. నేను కాగితం మీద సంతకం పెడుతుండగానే ఒక నర్సు నా చెవి కమ్మలు తీసి మా ఆయన చేతిలో పెట్టింది. ఆయన్ని లోపలికి రానివ్వలేదు.

థియేటర్‌లో కూర్చోబెట్టి, వీపు వంచి గడ్డం గుండెకు ఆనించమన్నారు. అంత పొట్టతో, నొప్పులు వస్తుండగా, కదలకుండా అలా కూర్చోవడమే ఆ రాత్రి మొత్తంలో నాకు కష్టమైన పని. వెన్నులో సూది మాత్రం అనుకున్నంత నొప్పి లేదు. కాసేపటికే కాళ్లు వెచ్చబడి, బరువెక్కి, నావి కాకుండా పోయాయి. చల్లటిదేదో ఒంటికి తాకిస్తూ "చల్లగా ఉందా, ఊరికే తాకినట్టుందా?" అని మత్తు డాక్టరు కింది నుంచి పైదాకా అడుగుతూ వచ్చారు. బీపీ పడిపోయి కడుపులో తిప్పితే, మందు ఎక్కించగానే సర్దుకుంది.

ముందే తెలిసి ఉంటే బాగుండేదనిపించినవి రెండున్నాయి. ఒకటి, నొప్పి తెలియదు గానీ లోపల లాగడం, కదపడం, నొక్కడం అన్నీ తెలుస్తాయి. బిడ్డను బయటికి తీసే ముందు పైకడుపు మీద గట్టిగా నొక్కుతారు, అప్పుడు ఊపిరి ఆడనట్టు ఉంటుంది. రెండోది వణుకు. నా పళ్లు టకటకా కొట్టుకుంటుంటే నాకేదో అయిపోతోందని భయపడ్డాను. వెన్నులో మత్తు ఇచ్చాక చాలామందికి అలా వణుకు వస్తుందట. ఈ ఒక్క మాట ఎవరైనా ముందు చెప్పి ఉంటే నా భయం సగానికి తగ్గేది.

పాప పది నిమిషాల్లోపే బయటికి వచ్చింది. తెర పక్క నుంచి ఒక్క క్షణం చూపించారు. ఎర్రగా, తడిగా, కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. నా చేతులు రెండూ పక్కలకు చాపి ఉన్నాయి, ఒకదానికి సెలైన్, రెండోదానికి బీపీ పట్టీ. తాకడానికి లేదు. "ఊపిరి కొంచెం వేగంగా తీస్తోంది, చూడాలి" అంటూ పాపను తీసుకెళ్లిపోయారు. ఆ తర్వాత కుట్లు వేయడానికి అరగంట పైనే పట్టింది. ఆ అరగంట నేను పైనున్న దీపాన్నే చూస్తూ పడుకున్నాను. కడుపు ఖాళీ అయింది, చేతుల్లోకి ఎవరూ రాలేదు. తర్వాత వారాల తరబడి నన్ను వెంటాడింది కత్తి కాదు, రక్తం కాదు, ఆ అరగంటే.

పాపను ఎన్ఐసీయూలో, అంటే అప్పుడే పుట్టిన పిల్లల ప్రత్యేక చికిత్స గదిలో పెట్టారు. పుట్టాక ఊపిరితిత్తుల్లోని నీరు త్వరగా ఇంకిపోవాలి. అది ఆలస్యమైతే బిడ్డ నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి తీస్తుంది. సిజేరియన్ పిల్లల్లో ఇది కాస్త ఎక్కువగా కనిపిస్తుంది, సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో తగ్గిపోతుంది. ఇదంతా పిల్లల డాక్టరు మా ఆయనకు చెప్పారు, మా ఆయన నాకు చెప్పారు. నా బిడ్డ సంగతి ఆ మొదటి రోజంతా నాకు వేరేవాళ్ల నోటి నుంచే తెలిసింది. ఫోన్‌లో ఫొటోలు చూపించారు. బంధువులంతా ఫోన్ చేసి సంతోషం చెబుతుంటే నేను "థాంక్స్" అంటున్నాను గానీ, వాళ్లు నా గురించి మాట్లాడుతున్నట్టు అనిపించలేదు.

ఆ సాయంత్రం ఒక నర్సమ్మ చిన్న సిరంజి పట్టుకుని వచ్చింది. "పాప దగ్గర లేకపోయినా పాలు తీద్దాం" అని, రొమ్మును ఎక్కడ పట్టుకోవాలో, ఎలా వెనక్కి నొక్కి ముందుకు వదలాలో చూపించింది. చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత పసుపుపచ్చగా, చిక్కగా ఒక చుక్క. దాన్ని సిరంజి కొసతో లాగింది. అలా చుక్క చుక్కా పోగుచేస్తే ఒక మిల్లీలీటరు కూడా రాలేదు. నాకు సిగ్గేసింది. ఆవిడ మాత్రం సిరంజి మీద నా పేరు, టైము రాసి, "ముర్రుపాలు ఇంతే వస్తాయి, పాపకు ఇదే చాలు" అంటూ జాగ్రత్తగా తీసుకెళ్లింది. ఆ రోజు పాప కోసం నా చేతులతో నేను చేయగలిగిన పని అదొక్కటే. పేరు రాసిన ఆ సిరంజి ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

మర్నాడు మధ్యాహ్నం యూరిన్ పైపు తీసి లేపి నిలబెట్టారు. మొదటి అడుగుకు కడుపు చీలిపోతుందనే అనిపిస్తుంది, చీలదు. రక్తం గడ్డలు కట్టకుండా ఉండాలంటే త్వరగా నడవాలి కాబట్టి బలవంతంగానైనా నడిపిస్తారు. నన్ను వీల్‌చైర్‌లో ఎన్ఐసీయూకి తీసుకెళ్లారు. వరుసగా పసిపిల్లల మంచాలు. "మన పాప ఏది?" అని మా ఆయన్ని అడిగాను. తల్లినై ఉండి ఆ ప్రశ్న అడగాల్సి రావడం గుచ్చుకుంది. ఆయన చూపించారు. పాపను గుడ్డలో చుట్టి నా చేతుల్లో పెట్టారు.

అందరూ నా మొహం వైపే చూస్తున్నారు. నాకేమీ కలగలేదు. ఎవరి పిల్లనో ఒక్క నిమిషం పట్టుకోమని ఇచ్చినట్టు ఉంది. ఎక్కడ జారిపోతుందో, ఎక్కడ కుట్లకు తగులుతుందో అన్న భయం మాత్రం ఉంది. నవ్వాను, ఎందుకంటే నవ్వాలని తెలుసు కాబట్టి. గదికి తిరిగి రాగానే గోడవైపు తిరిగి పడుకున్నాను.

మూడో రోజు పాపను నా పక్కకు తెచ్చారు. ఏడుపు మొదలైంది కూడా ఆ రోజే. కర్టెన్ కదిలినా ఏడుపే, ఎవరైనా మంచిగా మాట్లాడినా ఏడుపే. కాన్పయిన మూడు నుంచి ఐదు రోజుల మధ్య హార్మోన్లు ఒక్కసారిగా పడిపోయి, చాలామంది తల్లులకు ఇలా అవుతుందని, రెండు వారాల్లోపు తగ్గాలని, తగ్గకపోతే తప్పకుండా వచ్చి చెప్పమని డాక్టరు అన్నారు. ఆ "రెండు వారాలు" అన్న మాట గుర్తుపెట్టుకోవడం నాకు తర్వాత చాలా పనికొచ్చింది.

పాలు పట్టడం అనుకున్నంత తేలిక కాదు. పాపను ఒళ్లో పడుకోబెట్టుకుంటే బరువంతా కుట్ల మీద పడుతుంది. దిండు అడ్డం పెట్టి, పాపను నా చంక పక్కగా, కాళ్లు నా వీపు వైపు ఉండేలా పట్టుకోవడం నేర్పించారు. రాత్రుళ్లు పక్కకు తిరిగి పట్టడం. పాప తాగుతుంటే గర్భసంచి బిగుసుకుని పొత్తికడుపులో నొప్పి వస్తుంది. సిజేరియన్ అయినా రక్తస్రావం వారాల పాటు ఉంటుంది. గ్యాస్ నొప్పి భుజం దాకా పాకుతుంది, ఇది నాకు పెద్ద ఆశ్చర్యం. దగ్గొచ్చినా నవ్వొచ్చినా దిండును కడుపుకు అదిమి పట్టుకోవాలి. పాలు నిండుగా పడింది నాలుగో రోజు రాత్రి. అప్పటిదాకా డబ్బాపాలు కూడా కొంత పట్టాం. పాప బరువు తగ్గిందని కంగారుపడితే, మొదటి రోజుల్లో పుట్టిన బరువులో పదోవంతు దాకా తగ్గొచ్చనీ, రెండు వారాలకల్లా తిరిగి పుంజుకుంటారనీ చెప్పారు. పుంజుకుంది.

చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఒకే మాట: "పాప బాగుంది, నువ్వూ బాగున్నావు, ఇంకేం కావాలి?" ప్రేమతో అన్నదే. కానీ అది విన్నాక నోరు మూసుకోవడం తప్ప దారి లేదు. పాప క్షేమంగా ఉన్నందుకు నాకు ఎంత కృతజ్ఞత ఉందో, ఆ రాత్రి నా చేతుల్లోంచి జారిపోయినదాని గురించి అంత దుఃఖమూ ఉంది. రెండూ ఒకేసారి ఉండొచ్చని నాకు అప్పుడు తెలియదు, నా చుట్టూ ఉన్నవాళ్లకూ తెలియదు.

ఐదో రోజు ఇంటికి వచ్చాం. అమ్మ, అత్తయ్య ఇద్దరూ ఉన్నారు. నేను కోలుకోవాలని, పాప ఏడిస్తే ముందు వాళ్లే ఎత్తుకునేవారు. స్నానం వాళ్లే, డైపర్ మా ఆయన, నిద్రపుచ్చడం మళ్లీ వాళ్లే. పాలకు మాత్రం నా దగ్గరికి తెచ్చేవారు, తాగగానే "నువ్వు పడుకో తల్లీ" అని తీసుకెళ్లేవారు. ఆ సాయం లేకపోతే నేను లేవలేకపోయేదాన్ని, అది నిజం. కానీ పాప ఏ ఏడుపు దేనికి ఏడుస్తోందో ఇంట్లో అందరికీ తెలిసిపోతోంది, నాకు తప్ప. మా ఆయన భుజం మీద పాప ఇట్టే ఊరుకుంటుంటే అసూయ కలిగేది. భర్త మీద, అదీ బిడ్డ విషయంలో అసూయ పడే తల్లిని నేనే అనుకున్నాను.

రాత్రుళ్లు పాప నిద్రపోయినా నాకు నిద్ర పట్టేది కాదు. కళ్లు మూస్తే ఆ దీపం, ఆ వణుకు. హాస్పిటల్ వాసన గుర్తొస్తే గుండె దడ. రెండు వారాలు దాటాయి, ఏడుపు తగ్గలేదు. కుట్లు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరు "ఎలా ఉన్నావమ్మా?" అంటే "బాగానే ఉన్నాను" అనేశాను. మా ఆయన "లేదండీ, బాగాలేదు" అన్నారు. ఆ రెండు మాటలకు నేను ఆయనకు రుణపడి ఉన్నాను.

అప్పుడు ఒక ప్రశ్నల కాగితం ఇచ్చారు. ఎడిన్‌బరో స్కేలు అంటారట, 1987 నుంచి వాడుకలో ఉంది. గడిచిన వారం రోజుల్లో మనసు ఎలా ఉందో అడిగే పది ప్రశ్నలు, మొత్తం 30 మార్కులు. నవ్వగలుగుతున్నారా, కారణం లేకుండా భయం వేస్తోందా, నిద్ర పట్టనంత బాధగా ఉందా లాంటివి. చివరి ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. దానికి నేను "ఎప్పుడూ లేదు" అని పెట్టాను, అది నిజమే. కానీ మొత్తం మీద 13 దాటింది. ఆ కాగితంతోనే జబ్బు ఉందని తేల్చరు, ఇంకా లోతుగా మాట్లాడాల్సిన అవసరం ఉందని మాత్రం అది చెబుతుంది. కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ దొరకడానికి పది రోజుల పైనే పట్టింది. ఆ ఎదురుచూపు కష్టంగా గడిచింది. నాకు అత్యవసరం కాదు కాబట్టి ఆగగలిగాను. తనకో బిడ్డకో హాని చేయాలన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు, అదే రోజు హాస్పిటల్‌కు వెళ్లాలని డాక్టరు మా ఆయనకు విడిగా కూడా చెప్పారు.

ఆ ఎదురుచూపు రోజుల్లోనే ఒక మార్పు జరిగింది. ఇంట్లో పనులు తిరగేయమని అడిగాను. వంట, బట్టలు, వచ్చేపోయేవాళ్లను చూసుకోవడం అమ్మ, అత్తయ్య చేస్తారు, పాప మాత్రం రోజులో ఎక్కువసేపు నా దగ్గరే ఉంటుంది. నేను వంగకుండా ఉండేలా పాపను ఎత్తి ఇస్తే చాలు. అత్తయ్య మొదట కొంచెం చిన్నబుచ్చుకున్నట్టు అనిపించింది. నేను ఏడుస్తూ కారణం చెబితే నా తల నిమిరి, ఆ రోజు నుంచి తలుపు దగ్గర నిలబడి "తీసుకోనా?" అని అడిగిగానీ ఎత్తుకునేది కాదు.

మధ్యాహ్నాలు పాపను డైపర్‌తోనే ఉంచి నా ఛాతీ మీద పడుకోబెట్టుకుని, పైన దుప్పటి కప్పుకునేదాన్ని. పుట్టిన గంటలోపే ఇలా ఒంటికి ఒళ్లు ఆనించి ఉంచాలంటారు. ఆ గంట నాకు దక్కలేదు, ఇంక ఆ దారి మూసుకుపోయిందనుకున్నాను. అలా ఏమీ లేదని, వారాల తర్వాత మొదలుపెట్టినా బిడ్డకు అదే వెచ్చదనం, తల్లికి అదే ఊరట అని నర్సమ్మ ఫోన్‌లో చెప్పింది. మొదటి రోజుల్లో ఏ అద్భుతమూ జరగలేదు. చెమట పట్టేది, నడుము పట్టేసేది. అయినా ఆపలేదు.

మూడో వారం చివర్లో అనుకుంటా, పాలు తాగాక పాప అలాగే నా మీద పడుకుని ఉంది. ఎక్కిళ్లు మొదలయ్యాయి. చిన్న చిన్నవి, ఒకే తాళంలో. ఒళ్లంతా ఒక్కో ఎక్కిలికీ కొద్దిగా ఎగురుతోంది. నాకు ఆ తాళం తెలుసు. తొమ్మిదో నెలలో రోజూ రాత్రి భోజనమయ్యాక కడుపులో కుడివైపు కింద సరిగ్గా ఇలాగే కొట్టుకునేది. ఎక్కిళ్లు ఆగేదాకా నేను అక్కడ చెయ్యి వేసి పడుకునేదాన్ని. అప్పటిదాకా నా బుర్రలో ఇద్దరు పిల్లలున్నారు. కడుపులో నేను మోసిన బిడ్డ ఒకరు, ఎన్ఐసీయూ నుంచి నాకు తెచ్చి ఇచ్చిన పాప ఒకరు. మొదటి బిడ్డ ఏమైపోయిందో అన్న బెంగతో నేను రెండో బిడ్డను సాకుతున్నాను. ఆ ఎక్కిళ్లతో ఇద్దరూ ఒక్కరయ్యారు. "నువ్వేనా!" అన్నాను పైకే. చాలాసేపు ఏడ్చాను, అయితే ఈసారి పాపను గట్టిగా పట్టుకుని ఏడ్చాను.

ఆ ఒక్క మధ్యాహ్నంతో అంతా బాగైపోయిందని కాదు. మర్నాడు మళ్లీ పొద్దున్నే దిగులు. కానీ ఇప్పుడు పాప ఏడిస్తే ముందు నాకే తెలిసేది. ఆకలైతే పిడికిలి నోటి దగ్గరికి తెస్తుందని, నిద్రొస్తే ఎడమ చెవిని రుద్దుకుంటుందని నేనే కనిపెట్టాను, ఎవరూ చెప్పలేదు.

కౌన్సెలర్ దగ్గర మొదటిసారి మాట్లాడింది పూర్తిగా ఆపరేషన్ రాత్రి గురించే. బిడ్డను చూడగానే ప్రేమ పుట్టలేదని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆవిడ ఆశ్చర్యపోలేదు. 1980లో బ్రిటన్‌లో వెలువడిన ఒక అధ్యయనంలో, మొదటి కాన్పు తల్లుల్లో సుమారు 40 శాతం మంది, బిడ్డను మొదటిసారి ఎత్తుకున్నప్పుడు తమకు ఏమీ అనిపించలేదనే చెప్పారని అన్నారు. నూటికి నలభై మంది! మరి వాళ్లలో ఒక్కరైనా నాకు తెలిసినవాళ్లలో ఉండరా? ఉండే ఉంటారు, చెప్పుకుని ఉండరు. అవసరమైతే పాలిచ్చే తల్లులు వాడదగిన మందులు కూడా ఉన్నాయన్నారు. నాకు మాటలతోనే సరిపోయింది. మందులు అవసరమై ఉంటే వేసుకునేదాన్నే.

ఆవిడ సలహా మీదే హాస్పిటల్‌కు వెళ్లి, కాన్పు రికార్డు తెరిచి ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పమని మా డాక్టరును అడిగాను. ఇలా అడగొచ్చని చాలామందికి తెలియదు. మొదట కౌంటర్ దగ్గర "అంతా బాగానే ఉంది కదమ్మా, ఇప్పుడెందుకు?" అన్నారు. పట్టుబట్టాక ఒక సాయంత్రం ఓపీ అయ్యాక రమ్మన్నారు. డాక్టరు ఒక్కో లైనూ చదివి వినిపించారు. ఆపరేషన్ నిర్ణయం 4:10కి, పాప పుట్టింది 4:36కి. నా జ్ఞాపకంలో పాప పుట్టాక చాలాసేపు ఏడవలేదు, నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దమే నా పీడకల. రికార్డులో మాత్రం "పుట్టిన వెంటనే ఏడ్చింది" అని ఉంది. మొదటి నిమిషం ఆప్గార్ స్కోరు 8, ఐదో నిమిషానికి 9. గుండె కొట్టుకోవడం, ఊపిరి, ఒంటి రంగు, కండరాల బిగువు, స్పందన చూసి పదికి వేసే మార్కులివి. 1952లో దీన్ని తయారుచేసిన వర్జీనియా ఆప్గార్ కూడా మత్తు డాక్టరేనట. పాప ఏడ్చింది. భయంతో నాకే వినిపించలేదు, లేదా విన్నది నిలవలేదు. ఊపిరి వేగం పెరిగింది ఆ తర్వాతే. ఆ కాగితం చూశాక పీడకలలు మానలేదు గానీ పలచబడ్డాయి. నేను సరిగ్గా ముక్కలేదేమో, ఇంకొంచెం ఓర్చుకోవాల్సిందేమో అన్న అనుమానం కూడా అక్కడే తీరింది. పాప తల తిరిగిన తీరు వల్లే కిందికి దిగలేకపోయిందని డాక్టరు బొమ్మ గీసి చూపించారు.

ఆరో వారం దాటాక పాప మొహంలోకి చూసి నవ్వింది. నిద్రలో వచ్చే నవ్వు కాదు, నన్ను చూసి. ఆ వయసులోనే పిల్లలకు అలాంటి నవ్వు వస్తుందని తెలుసు. అయినా ఆ రోజంతా ఇంట్లో కనపడ్డ ప్రతివాళ్లకూ చెప్పాను.

ఒంటి సంగతి ఎవరైనా అడిగితే: కోత చుట్టూ ఇంకా మొద్దుబారే ఉంది, అప్పుడప్పుడు దురద. నెలల తరబడి ఉండొచ్చన్నారు. మొదట్లో ఆ చోటు అద్దంలో చూడలేకపోయేదాన్ని. ఇప్పుడు స్నానమయ్యాక నూనె రాస్తున్నాను, చెయ్యి ఆగకుండా రాయగలుగుతున్నాను.

ఈ మధ్యే ఒక సంగతి తెలిసింది. పోయిన వారం మా ఆయన ఉన్నట్టుండి ఆ తెల్లవారుజాము గురించి మాట్లాడారు. నా కమ్మలు పిడికిట్లో పట్టుకుని థియేటర్ బయట నిలబడి ఉండగా, లోపలి నుంచి పాపను తీసుకుని నర్సు పరుగులాంటి నడకతో ఎదురుగా వెళ్లిపోయిందట. పాప వెంట వెళ్లాలో, నా కోసం అక్కడే ఉండాలో తెలియక కాళ్లాడలేదట. ఇన్నాళ్లూ నా బాధ ముందు తనది చిన్నదని చెప్పలేదన్నారు. నేను ఆయన గురించి ఎవర్నీ అడగలేదు, ఆయన్నీ ఎవరూ అడగలేదు. వచ్చే వారం కౌన్సెలర్ దగ్గరికి ఇద్దరం వెళ్తున్నాం. పాపను కూడా తీసుకెళ్తున్నాం, మధ్యలో పాలు పట్టాల్సి వస్తుంది కాబట్టి.